స్టిక్కర్ మీద కనిపించని ల్యాప్‌టాప్

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ముగిసి సీట్లు ఖరారయ్యే రోజుల్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తే కొట్టుకొట్టునా ఒకటే దృశ్యం. కొత్తగా బీటెక్‌లో చేరిన అమ్మాయి, పక్కన తండ్రి, బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు. ఒకటి 50 వేలు, ఇంకొకటి లక్ష. రెండింటి మీదా అంటించిన స్టిక్కర్‌లో ఉన్నది మాత్రం ఒకటే: ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ.

‘‘రెండూ ఒకటే అయినప్పుడు ఇంకో యాభై వేలు దేనికమ్మా?’’ అంటాడు తండ్రి.

‘‘అది ప్రీమియం నాన్నా’’ అంటుంది కూతురు.

‘‘బిల్డ్ క్వాలిటీ వేరే సార్’’ అని కొట్టులో కుర్రాడు అందుకుంటాడు.

తండ్రి ప్రశ్న న్యాయమైనది. దానికి దొరికిన జవాబులే చాలవు. ఆ యాభై వేలు ఎటు పోతున్నాయో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, మన కంటి నిర్మాణం కలిసి చాలావరకు లెక్క చెప్పగలవు. స్టిక్కర్ మీద రాసేవి మూడు నాలుగు అంకెలే. ఆ యంత్రంతో మనం గడపబోయే నాలుగైదేళ్లు ఎలా ఉంటాయో తేల్చేవి మాత్రం ఆ స్టిక్కర్ మీద ఉండవు. వేడి బయటికి పోయే దారి, తెర, బ్యాటరీ, మూత తిరిగే బందు, ఒంటి గట్టిదనం. వీటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒకే చిప్, రెండు వేగాలు

ప్రాసెసర్‌లో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉంటాయి. అవి తెరుచుకుని మూసుకున్న ప్రతిసారీ కాస్త విద్యుత్తు వేడిగా మారుతుంది. వేగం ఎంత పెరిగితే వేడీ అంత పెరుగుతుంది. వోల్టేజీ పెంచితే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. చిక్కంతా ఎక్కడంటే, వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజీ కూడా పెంచాలి. వేగం 20 శాతం పెంచడానికి వోల్టేజీ 10 శాతం పెంచాల్సి వచ్చిందనుకోండి. 1.1ని 1.1తో, ఆపైన 1.2తో గుణిస్తే సుమారు 1.45 వస్తుంది. అంటే 20 శాతం వేగం కోసం 45 శాతం ఎక్కువ వేడిని భరించాలి.

ఆ వేడిని చిప్ దగ్గర నుంచి మోసుకెళ్లేది చదునుగా అణిచిన ఒక రాగి గొట్టం. అందులో గాలి తీసేసి కొద్దిగా నీళ్లు ఉంచుతారు. పీడనం తక్కువ కాబట్టి ఆ నీళ్లు తక్కువ వేడికే ఆవిరవుతాయి. ఆవిరి ఫ్యాన్ ఉన్న చల్లటి కొసకు పరుగెత్తి, అక్కడ మళ్లీ నీరై, గొట్టం లోపలి సన్నటి రంధ్రాల పూత గుండా వత్తిలో నూనె పాకినట్టు వెనక్కి పాకుతుంది. చవక యంత్రంలో ఒక సన్న గొట్టం, ఒక చిన్న ఫ్యాన్ ఉంటాయి. మెరుగైన వాటిలో రెండేసి, లేదా వెడల్పాటి ఆవిరి పలక ఉంటుంది. ఖర్చులో మొదటి తేడా ఇక్కడే.

చిప్ వేడి సుమారు 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. డబ్బా మీద ‘4.6 గిగాహెర్ట్జ్ వరకు’ అని ఉంటే, ఆ ‘వరకు’ అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. చల్లార్చే ఏర్పాటు బలహీనంగా ఉన్న యంత్రం మొదటి నిమిషం ఆ వేగంతో పరుగెత్తి, తర్వాత చతికిలపడుతుంది. అదే చిప్ మంచి ఏర్పాటున్న యంత్రంలో గంటసేపు వీడియో ఎడిటింగ్ చేసినా నిలకడగా ఉంటుంది.

మన ఊళ్లలో ఇది ఇంకా పెద్ద విషయం. వేడి ఎంత వేగంగా బయటికి పోతుందన్నది చిప్ వేడికీ గది వేడికీ మధ్య తేడాను బట్టి ఉంటుంది. ఏసీ గదిలో 25 డిగ్రీలుంటే ఆ తేడా 75. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీల ఎండకు కాగిన గదిలో అది 55కు పడిపోతుంది. చల్లటి గదిలో 30 వాట్ల వేడిని బయటికి పంపగలిగిన యంత్రం, కాగిన గదిలో 22 వాట్లే పంపగలదు. నాలుగో వంతుకు పైగా సత్తా పోయినట్టే. ఏసీ లేని ఇంట్లో, హాస్టల్ గదిలో ఉండే విద్యార్థికి చల్లార్చే ఏర్పాటు ప్రాసెసర్ పేరు కంటే ముఖ్యం. అయితే ఖరీదైనదల్లా చల్లనిది కాదు. సన్నదనం కోసమే ఎక్కువ ధర తీసుకునే కొన్ని మోడళ్లలో ఫ్యాన్‌కు చోటు తక్కువ. బరువు పనిలో వాటికంటే కాస్త మందంగా ఉన్న మధ్యరకం యంత్రమే నయం కావచ్చు.

ఐ5 బదులు ఐ7 తీసుకోవడానికి పదిహేను ఇరవై వేలు పెట్టేవాళ్లకూ ఒక మాట. ఒకే తోటలో కాసిన మామిడికాయలను నాణ్యం చూసి వేర్వేరు గంపల్లో పోసినట్టు, చాలాసార్లు ఒకే సిలికాన్ పలక మీద తయారైన చిప్‌లనే పరీక్షించి వేర్వేరు పేర్లతో అమ్ముతారు. సన్నటి ల్యాప్‌టాప్‌లో రెండు చిప్‌లకూ వేడి హద్దు ఒకటే అయినప్పుడు వాటి మధ్య నిజమైన తేడా స్వల్పం. ఎక్కువ డబ్బు పెట్టకుండా ఆగాల్సిన మొదటి చోటు ఇదే.

పోపుల పెట్టె, అటక

వంట చేసేవాళ్లు పోపుల పెట్టెను పొయ్యి పక్కనే ఉంచుకుంటారు. ఏడాది సరుకు అటక మీద ఉంటుంది. ఆవాలు అయిపోయిన ప్రతిసారీ నిచ్చెన వేసుకుని అటకెక్కాల్సి వస్తే వంట సాగదు. కంప్యూటర్‌లో ర్యామ్ పోపుల పెట్టె, ఎస్‌ఎస్‌డీ అటక. ర్యామ్ నుంచి సమాచారం రావడానికి పట్టేది సుమారు 100 నానోసెకన్లు. ఎస్‌ఎస్‌డీ నుంచి రావడానికి దానికి వెయ్యి రెట్లు దాకా పడుతుంది. బ్రౌజర్‌లో ఇరవై పేజీలు, ఒక వీడియో క్లాసు, ఒక కోడింగ్ సాఫ్ట్‌వేర్ ఒకేసారి తెరిస్తే 8 జీబీ నిండిపోతుంది. అప్పట్నుంచి యంత్రం అటక ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అందుకే 8 నుంచి 16 జీబీకి వెళ్లడానికి పెట్టే డబ్బు బాగా ఫలిస్తుంది. 16 నుంచి 32కు వెళ్లడం వీడియోలు, త్రీడీ బొమ్మలు, పెద్ద డేటాతో పనిచేసేవాళ్లకే ఉపయోగం. పోపుల పెట్టె గంపంత చేసినా వండేది పప్పుచారే అయితే రుచి మారదు.

నిమిషానికి 5,400 సార్లు తిరిగే పాత హార్డ్ డిస్క్ సెకనుకు వంద చోట్ల నుంచి కూడా సమాచారం వెతికి తేలేదు. మామూలు ఎస్‌ఎస్‌డీ వేల చోట్ల నుంచి తేగలదు. ఆ మార్పు అందరికీ తెలిసొచ్చింది. కానీ సెకనుకు 3,500 మెగాబైట్లు చదివే ఎస్‌ఎస్‌డీకీ 7,000 చదివే ఎస్‌ఎస్‌డీకీ తేడా ఒక వర్డ్ ఫైలు తెరిచేవాళ్లకు తెలియదు. దీనికి కారణం మన మెదడులోనే ఉంది. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ మిల్లర్ 1968లోనే కంప్యూటర్ జవాబు కోసం మనిషి ఎంతసేపు ఆగగలడో పరిశీలించాడు. ఆ తర్వాత స్థిరపడిన కొలత ఇది: పదో వంతు సెకనులోపు జరిగింది మనకు వెంటనే జరిగినట్టే ఉంటుంది, ఒక సెకను దాటితే ఆలోచన తెగుతుంది, పది సెకన్లు దాటితే మనసు వేరే పని మీదికి పోతుంది. పది సెకన్ల పనిని ఒక సెకనుకు తెచ్చే డబ్బు సార్థకం. పదో వంతును ఇరవయ్యో వంతు చేసే డబ్బు ఫలితం మనకు అందదు.

కంటికి ఒక హద్దుంది

తెర విషయంలో కూడా ఇలాంటి హద్దే ఉంది. ఆరోగ్యమైన కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా రెండు చుక్కలను విడివిడిగా చూడగలదు. 60 సెంటీమీటర్ల దూరంలో అది సుమారు 0.175 మిల్లీమీటర్లు. 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో ఒక్కో చుక్క 0.18 మిల్లీమీటర్లు. అంటే ఆ తెర ఇప్పటికే కంటి హద్దు దగ్గర ఉంది. అదే సైజులో 4కే తెర పెడితే చుక్క అందులో సగమవుతుంది. కాస్త దగ్గరగా కూర్చునేవాళ్లకు, చూపు బాగా పదునైనవాళ్లకు అక్షరాల అంచులు ఇంకొంచెం నునుపుగా కనిపిస్తాయి. మిగతావాళ్లకు దక్కేది తక్కువ, బ్యాటరీ మీద పడే భారం ఎక్కువ.

హద్దుకు కింద ఉన్న తెర మాత్రం నిజంగానే ఇబ్బంది పెడుతుంది, తెలుగు చదివేవాళ్లను మరీ ఎక్కువగా. ‘కి’కి ‘కీ’కి మధ్య తేడా తల మీద ఒక చిన్న మెలిక. ‘ప’కు ‘ష’కు మధ్య తేడా లోపల ఒక చిన్న గీత. వరుస కింద వేలాడే వొత్తుల సంగతి సరేసరి. అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలుండే పాత రకం తెర మీద ఈ మెలికలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చవక మోడల్‌లో ఇలాంటి తెర కనిపిస్తే ధర ఎంత తక్కువైనా వద్దనుకోవచ్చు.

రంగు, వెలుగు కూడా చూడాలి. చవక తెరలు చాలావాటి వివరాల్లో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటుంది. మామూలు ఫొటోలు, వెబ్ పేజీలు వాడే రంగుల పరిధిలో అవి చూపగలిగేది సుమారు మూడింట రెండొంతులే. ఎరుపు వెలిసిపోయినట్టుంటుంది. పాఠాలు చదువుకోవడానికి అదేమీ అడ్డు కాదు. కానీ మంగళగిరి, పోచంపల్లి చీరలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఆ తెర మీద ఫొటోలు దిద్దితే, కొన్నవాళ్లకు చేరిన చీర రంగు వేరుగా ఉంటుంది. సరుకు వెనక్కొస్తుంది. వాళ్లకు మంచి తెర సోకు కాదు, పనిముట్టు. వెలుగు 250 నిట్లయితే గదిలో సరిపోతుంది. వరండాలో, కిటికీ పక్కన కూర్చునేవాళ్లకు 400 ఉంటే కళ్లకు హాయి.

బ్యాటరీ: వాట్-అవర్ల లెక్క

లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చింది. దాని వెనుక కృషికి జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ప్రకటనల్లో ‘పది గంటలు, పదిహేను గంటలు’ అని రాస్తారు. మనం అడగాల్సింది వాట్-అవర్లు. 42 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న యంత్రం సగటున 7 వాట్లు తాగితే ఆరు గంటలు నడుస్తుంది. 70 వాట్-అవర్లుండి, పొదుపుగా 5 వాట్లే తాగే యంత్రం పద్నాలుగు గంటలు నడుస్తుంది. ప్రత్యేక అనుమతి లేకుండా విమానంలోకి తీసుకెళ్లగల హద్దు 100 వాట్-అవర్లు. అందుకే ఎంత ఖరీదైన ల్యాప్‌టాప్‌లోనైనా బ్యాటరీ 99 దగ్గర ఆగిపోతుంది.

ఈ బ్యాటరీలను ముందుగా ముసలివి చేసేది వేడి. ఛార్జ్ నిండుగా ఉండి, ఒళ్లు వేడిగా ఉన్నప్పుడు లోపల రుణ ధ్రువం మీద ఒక పొర పేరుకుంటూ పోతుంది, ఆ పొర కొంత లిథియంను మింగేస్తుంది. మామూలు బ్యాటరీలు మూడు నుంచి ఐదు వందల పూర్తి ఛార్జ్‌లకు ఐదో వంతు సత్తా పోగొట్టుకుంటాయి. మెరుగైనవి వెయ్యి దాకా నిలుస్తాయి. ఆరు గంటల బ్యాటరీ అలా తగ్గి ఐదు గంటల లోపు వస్తే కాలేజీ రోజు గడవదు. పద్నాలుగు గంటలది పదకొండుకు తగ్గినా ఇబ్బంది ఉండదు. ఏ ధర యంత్రమైనా సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సౌకర్యం ఉంటే వాడుకోండి. పరుపు మీద పెట్టి గాలి రంధ్రాలు మూసేయకండి. ఈ రెండు అలవాట్లకూ పైసా ఖర్చు లేదు.

మడతబందు దగ్గర తేలే నిజం

మూత తిరిగే మడతబందును కొట్టుల్లో హింజ్ అంటారు. రోజుకు పదిసార్లు తెరిచి మూస్తే నాలుగేళ్లలో 14,600 సార్లు. చవక యంత్రాల్లో ఆ బందును ప్లాస్టిక్‌లో దిగేసిన చిన్న ఇత్తడి మరల మీద బిగిస్తారు. బందులోని జిడ్డు ఎండి బిగుసుకునే కొద్దీ ప్రతి తిప్పులోనూ ఆ ప్లాస్టిక్ మీద ఒత్తిడి పెరుగుతుంది. ఒకరోజు మరలు ఊడొస్తాయి, మూత నోరు తెరుస్తుంది, తెర తీగలు నలుగుతాయి. ప్రాసెసర్ దివ్యంగా ఉండగానే యంత్రం మూలన పడుతుంది.

అల్యూమినియంను వంచాలంటే మామూలు ప్లాస్టిక్ కంటే సుమారు ముప్పై రెట్లు ఎక్కువ బలం కావాలి. వేడిని పంచుకోవడంలోనూ అది ప్లాస్టిక్ కంటే ఎన్నో వందల రెట్లు మేలు. ఒక మూల పట్టుకుని ఎత్తినప్పుడు ఒళ్లు మెలి తిరగకపోతే లోపలి బోర్డు మీద అతుకులూ క్షేమంగా ఉంటాయి. అలాగని ప్లాస్టిక్‌ను తీసిపారేయకూడదు. పలక మందం రెండింతలైతే వంగకుండా నిలిచే సత్తా ఎనిమిదింతలవుతుంది. అందుకే మందమైన ప్లాస్టిక్‌తో చేసిన పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లు ఇప్పటికీ రాయిలా నిలబడ్డాయి. ‘మిలిటరీ గ్రేడ్’ అన్న మాట చూసి మాత్రం అదనంగా చెల్లించకండి. మిల్-ఎస్‌టీడీ-810 అమెరికా సైన్యం రాసుకున్న పరీక్షా పద్ధతుల పుస్తకం. అందులో ఏ పరీక్షలు చేయాలో కంపెనీలే ఎంచుకుంటాయి, ధ్రువపత్రమిచ్చే సంస్థ వేరే లేదు.

నిన్నటి సోకు, నేటి మామూలు

2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఒక కాగితపు కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి తీశాడు. ధర 1,799 డాలర్లు. హార్డ్ డిస్క్ బదులు 64 జీబీ ఎస్‌ఎస్‌డీ కావాలంటే ఇంకో 999 డాలర్లు. ఇవాళ దానికి ఎనిమిది రెట్ల ఎస్‌ఎస్‌డీ యాభై వేల యంత్రంలోనూ ఉంది. తొందరపడకుండా రెండు మూడేళ్లు ఆగగలిగినవాళ్లకు నిన్నటి ప్రీమియం మామూలు ధరకే చేతికొస్తుంది.

ఒక్కోసారి ఎక్కువ ధర నిజంగానే ముందుచూపు అవుతుంది. 2020 నవంబర్‌లో ఎం1 చిప్‌తో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ మన దేశంలో 92,900 రూపాయలకు మొదలైంది. మామూలు పనుల్లో ఫ్యాన్ లేకుండానే రోజంతా చల్లగా పనిచేసింది. తక్కువ కరెంటుతో ఎక్కువ పని చేసే చిప్ దొరికితే వేడి, బ్యాటరీ, చప్పుడు, బరువు అన్నీ ఒక్కసారే మెరుగుపడతాయని అది చూపించింది. కానీ దాని మొదటి మోడల్‌లో ర్యామ్ 8 జీబీ. అది చిప్‌తో కలిసే ఉంటుంది, తర్వాత పెంచుకునే వీలు లేదు. అదే కంపెనీ 2024 అక్టోబర్‌లో మ్యాక్‌బుక్ ఎయిర్‌కు 16 జీబీని కనీసం చేసింది. లక్ష దగ్గర పెట్టి కొన్న యంత్రంలోనైనా మార్చలేని భాగం తక్కువైతే ఆ లోటు చివరిదాకా వెంటాడుతుంది.

ఏడాదికి ఎంత?

ఇప్పుడు తండ్రి ప్రశ్న దగ్గరికి వద్దాం. 50 వేల యంత్రం మూడున్నరేళ్లు నిలిస్తే ఏడాదికి సుమారు 14,300. లక్ష యంత్రం ఏడేళ్లు నిలిస్తే కూడా అంతే. అదే ఐదేళ్లకు మూలపడితే ఏడాదికి 20 వేలు. రెట్టింపు ధర నిలబడాలంటే ఆయుష్షు రెట్టింపు కావాలి, లేదా ప్రతిరోజూ పనిలో కనిపించే మేలు ఉండాలి. చౌక యంత్రానికీ దొంగ ఖర్చులుంటాయి. రెండో ఏట హింజ్, మూడో ఏట బ్యాటరీ, పరీక్షల ముందు మూడు రోజులు రిపేరు కొట్టు. అవీ కలిపే లెక్క వేయాలి. ఇంకో లెక్క భూమిది. ఒక ల్యాప్‌టాప్ జీవితకాలంలో వెలువరించే కర్బనంలో ఎక్కువ భాగం దాని తయారీలోనే వెలువడుతుంది. ఎక్కువకాలం వాడుకునే యంత్రం ఏ ధరదైనా నేలకు మేలు చేస్తుంది.

రోజుకు ఒకటి రెండు గంటలు బ్రౌజింగ్, నోట్సు, సినిమాలకైతే 50 వేల యంత్రమే సరి. ఆ పైన పెట్టే డబ్బు గొప్ప కోసమే అవుతుంది. రోజుకు ఎనిమిది పది గంటలు దాని మీదే బతికేవాళ్లు, రోజూ బస్సుల్లో మోసుకెళ్లేవాళ్లు, రంగులతోనూ వీడియోలతోనూ పొట్టపోసుకునేవాళ్లు ఎక్కువ పెట్టడంలో తప్పు లేదు. మధ్యలో ఉన్నవాళ్లకు మూడో దారి ఉంది. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి మార్చేసే థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలీట్‌బుక్ లాంటి ఆఫీసు మోడళ్లు బాగుచేసి, వారంటీతో సగం ధరకంటే తక్కువకే దొరుకుతుంటాయి. వాటి బందులు, కీబోర్డులు గట్టివి. బ్యాటరీ కొత్తది వేయించుకుంటే చాలు.

కొనే ముందు కొట్టులోనే ఐదు పనులు చేయండి. ఒక వేలితో మూత ఎత్తండి. ఒక మూల పట్టుకుని యంత్రాన్ని గాల్లోకి లేపండి. కీబోర్డు నడిమధ్య నొక్కి కుంగుతుందేమో చూడండి. చేయి చాపినంత దూరంలో ఒక తెలుగు పేజీ తెరిచి వొత్తులు చదవండి. ర్యామ్ పెంచుకునే ఖాళీ ఉందా, బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లు అని అడగండి. అర్ధగంట బరువు పనిలో వేగం ఎంత నిలుస్తుందో మాత్రం కొట్టులో తేలదు. దాన్ని కొలిచి చూపిన సమీక్షలు ఇంటి దగ్గరే చదివి వెళ్లండి.

అన్ని లెక్కలూ చివరికి ఒక్క సూత్రానికి వస్తాయి. తర్వాత మార్చుకోలేని వాటికి, అంటే తెర, ఒళ్లు, బందు, చల్లార్చే ఏర్పాటు, అతికేసిన ర్యామ్‌లకు ఎక్కువ పెట్టండి. తర్వాత మార్చుకోగలిగిన ఎస్‌ఎస్‌డీకి, కంటికీ చేతికీ అందని అంకెలకు పెట్టకండి. లక్ష రూపాయల యంత్రం ఈ పరీక్షలో నెగ్గితే ధైర్యంగా కొనండి. నెగ్గకపోతే మిగిలిన ఆ యాభై వేలతో అమ్మాయి చదువుకు కావాల్సినవి ఇంకెన్నో ఉన్నాయి.